ఎనిమిది వేస్తే చాలా?

లైసెన్సు కావాలంటే ఏం చేయాలని మన ఊళ్లలో ఎవరినైనా అడగండి. "ఎనిమిది వేయాలి" అంటారు. అంతకుమించి ఎవరూ ఒక్క మాట చెప్పరు, ఎందుకంటే అంతకుమించి ఎవరూ అడగరు. కాలు కింద పెట్టకుండా, ఎనిమిది అంకెలా గీసిన దారిలో, మొదటి గేరులో, మనిషి వడివడిగా నడిచినంత వేగంతో ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టు పూర్తయితే చాలు, కుర్రాడు లారీల మధ్య, రాత్రిపూట, వానలో, అరవై డెబ్బై వేగంతో హైవే మీద పోవడానికి అర్హుడని ప్రభుత్వం నమ్మి కార్డు చేతిలో పెడుతుంది. పద్దెనిమిదేళ్ల ప్రాణానికి సంబంధించిన నిర్ణయం రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. దీన్ని పరీక్ష అనడానికి నాకు నోరు రావడం లేదు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం తీసి చదవండి. అద్దం సర్దుకుని వెనక వచ్చేవాళ్లను చూసుకోవాలి. టాప్ గేరు దాకా అన్ని గేర్లూ వేసి నడిపి చూపించాలి. కుడి ఎడమ మలుపులు తిరగాలి, మరో వాహనాన్ని దాటాలి, దాటనివ్వాలి, సరైన సైగలివ్వాలి, కాలినడకన రోడ్డు దాటేవాళ్లను గమనించాలి. అత్యవసరంగా బండి ఆపి చూపించాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. రాసినవాళ్లకు రోడ్డు తెలుసు, ప్రాణం విలువ తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా ఆ కాగితం అలాగే ఉంది. నేను మా విద్యార్థులకు తోడుగా వెళ్లి చూసినప్పుడు ఏ మైదానంలోనూ, ఏ ఒక్క కుర్రాణ్నీ, "వేగంగా వచ్చి గబుక్కున ఆపి చూపించు బాబూ" అని అడగ్గా చూడలేదు. బండి రెండో గేరులోకి వెళ్లే అవసరమే రాలేదు.

అంతకుముందు లెర్నర్ లైసెన్సు కోసం జరిగే ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షదీ ఇదే తీరు. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చూసి జవాబు నొక్కాలి. నూటికి అరవై వస్తే చాలు. ప్రశ్నలూ జవాబులూ ఇంటర్నెట్ సెంటర్లో జిరాక్స్ కాగితాల మీద దొరుకుతాయి, ముందురోజు రాత్రి బట్టీపడతారు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక కనీసం ముప్పై రోజులు ఆగాకే అసలు పరీక్షకు రావాలి. ఆ ముప్పై రోజులూ లైసెన్సు ఉన్నవాడి పర్యవేక్షణలో, బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' అక్షరం పెట్టుకుని నేర్చుకోవాలని ఆ గడువు పెట్టారు. మన దగ్గర అది స్లాట్ బుక్ చేసుకుని ఎదురుచూసే గడువుగా మిగిలింది. నేర్పేవాడు ఎవరు? ఏం నేర్పాడు? ఎన్ని గంటలు నేర్పాడు? ఏ దరఖాస్తులోనూ ఆ గడి లేదు, ఏ అధికారీ ఆ ప్రశ్న వేయడు.

కారు నేర్పే స్కూళ్ల బోర్డులు మా పట్నంలో సందుకొకటి కనిపిస్తాయి. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారు నేర్చుకునేవాడికి 29 గంటల పాఠం ఉండాలని 2021లో కేంద్రం నియమం కూడా పెట్టింది. మంచిదే. కానీ చుట్టూ ఇనుప గోడలున్న కారులో కూర్చునేవాడికి అంత శిక్షణ అవసరమని ఒప్పుకున్నవాళ్లు, ఒంటి మీద చొక్కా తప్ప మరే రక్షణా లేకుండా రోడ్డు మీదికి వచ్చేవాడిని మాత్రం గాలికి వదిలేశారు. మా జిల్లాలో బైకు నేర్పే బడి ఒక్కటీ నాకు కనబడలేదు. బైకు నేర్పేది మేనమామ, లేకపోతే పక్కింటి అన్న, లేకపోతే తోటి విద్యార్థి. వాళ్లకు నేర్పిందీ అలాంటివాళ్లే. ఒక తరం భయాలూ తప్పులూ మరో తరానికి పాఠాలుగా వచ్చేస్తున్నాయి.

వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పాఠం ఒకటుంది. "ముందు బ్రేకు పట్టకురా, పల్టీ కొడతవ్." ఈ మాట వినకుండా బండి నేర్చుకున్నవాడు తెలుగునాట ఉండడేమో. పిల్లలు ఆ భయంతోనే పెరుగుతారు, జీవితాంతం వెనక బ్రేకు మీద కాలు తొక్కుతూ బతుకుతారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. బ్రేకు పడగానే బండి బరువు, మనిషి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతాయి. ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే పొడి రోడ్డు మీద బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. తేలికైన వెనక చక్రాన్ని బలంగా తొక్కితే అది తిరగడం మానేసి జారుతుంది, తోక విసురుతుంది, బండి ఆగదు. పల్టీ కొట్టేది ముందు బ్రేకు వాడినందుకు కాదు, భయంతో ఒక్కసారిగా గుప్పిట బిగించి లాగినందుకు, అదీ హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడో, ఇసుక మీదో లాగినందుకు. బండి నిటారుగా ఉండగా రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని మెల్లగా మొదలుపెట్టి పిండుతూ బిగించాలి. ఇది ఖాళీ మైదానంలో ఇరవై వేగంతో మొదలుపెట్టి, ముప్పై, నలభై దాకా పెంచుకుంటూ సాధన చేస్తే చేతికి వచ్చే విద్య. రెండు ఆదివారాల పని. ఆ రెండు ఆదివారాలు మన పిల్లలకు ఇచ్చేవాడు లేడు.

మా తరగతిలో ఎప్‌సెట్‌కు చదివే పిల్లలు ఆగే దూరం లెక్కను అర నిమిషంలో చేసేస్తారు. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గంటకు అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లని తెలుసు. అంటే ఎదురుగా గేదె కనిపించి, మనసుకు అర్థమై, చేయి బ్రేకు మీదికి వెళ్లే ఆ ఒక్క సెకనులోనే బండి పదిహేడు మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఆ లెక్కకు మార్కు వస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు అదే పిల్లలు ముగ్గురు ఒక బండెక్కి, ముందు పోయే ఆర్టీసీ బస్సుకు చేయి చాపితే అందేంత దగ్గరగా వెళ్తారు. నల్లబల్ల మీది సూత్రానికీ కాలి కింది రోడ్డుకీ సంబంధం ఉందని చెప్పే బాధ్యత సిలబస్‌కు లేదు, కాలేజీకి లేదు, రవాణా శాఖకు లేదు.

కాలేజీల సంగతి వేరే చెప్పాలి. పద్దెనిమిది నిండకుండా గేరు బండి నడపకూడదని చట్టం. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి పద్దెనిమిది నిండదు. లోపలికి బండ్లు రానివ్వమని ప్రైవేటు కాలేజీలు బోర్డు పెడతాయి. పిల్లలు గేటు ఎదురుగా కిరాణా కొట్టు పక్కన వరసగా నిలబెడతారు. అడిగితే గేటు బయట జరిగేదానికి మాకు సంబంధం లేదంటారు. ఫీజు బకాయి ఉన్న పిల్లవాడి తండ్రికి రోజుకు రెండుసార్లు ఫోన్ చేయగలిగిన యాజమాన్యం, అదే పిల్లవాడు లైసెన్సు లేకుండా బండి మీద వస్తున్నాడని ఒక్కసారి ఫోన్ చేయలేదా?

2019లో సవరించిన చట్టంలో 199ఏ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి, లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఈ విషయం పేరెంట్స్ మీటింగులో చెబితే తండ్రులు నా మొహంలోకి వింతగా చూస్తారు. "మావోడు ఎనిమిదో తరగతి నుంచే నడుపుతున్నడు సార్" అని గర్వంగా చెప్పినవాళ్లున్నారు. బండికి బీమా కట్టాం కదా అంటారు. యజమానికి వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా చెల్లాలంటే, బండి నడుపుతున్న ఆ యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని పిల్లవాడు ఎదుటివాడిని గుద్దితే, బీమా కంపెనీ బాధితుడికి చెల్లించి ఆ డబ్బును బండి యజమాని నుంచి వసూలు చేసుకునేలా కోర్టులు తీర్పులిస్తున్నాయి. ఒక్క సాయంత్రానికి రెండెకరాలు అమ్ముకోవాల్సి వస్తుంది. ఈ మాట షోరూంలో బండి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. ఆధార్ అడుగుతారు, పాన్ అడుగుతారు, ఫైనాన్స్ కాగితాల మీద పాతిక సంతకాలు పెట్టిస్తారు. లైసెన్సు లేదని బండి తాళం ఇవ్వకుండా ఆగిన షోరూమును నేను చూడలేదు.

ఇక ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. మా కాలేజీలో ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరాడు. పద్దెనిమిది నిండింది. పత్తి డబ్బులు రాగానే తండ్రి బండి కొనిచ్చాడు. లైసెన్సు ఏజెంటు ద్వారా వచ్చింది. ఎనిమిది వేశాడు, కార్డు వచ్చింది, జేబులో పెట్టుకున్నాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. యాసంగి వడ్లు కోసే రోజులు. మా వైపు ఆ నెలల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, రాత్రికి కుప్ప చేసి నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా. ఒక రాత్రి వాడు ఆ దారిన వస్తుంటే ఎదురుగా వచ్చే లారీ లైటు డిప్ చేయలేదు. ఆ వెలుగులో కుప్ప కనిపించేసరికి దగ్గరికి వచ్చేశాడు. పొద్దున మేం వెళ్లి చూస్తే రోడ్డు మీద ఒకటే గీత ఉంది. పొడుగ్గా, వంకరగా, వెనక టైరు జారిన గీత. ముందు బ్రేకును వాడు ముట్టుకోలేదు. చిన్నప్పటి నుంచి ఏం చెప్పారో అదే చేశాడు. హెల్మెట్ ముళ్లకంపలో పడి ఉంది. తలకు పెట్టుకున్నాడు కానీ గడ్డం కింద పట్టీ బిగించలేదు. పట్టీ బిగించని హెల్మెట్ మొదటి దెబ్బకే ఊడిపోతుందని వాడికి చెప్పినవాళ్లు లేరు.

ఆస్పత్రి మెట్ల మీద వాళ్ల నాన్న నన్ను పట్టుకుని అడిగాడు. "లైసెన్సు ఉంది గద సార్ వానికి. ఇచ్చిండ్రు గద. మరి గిట్లెట్లయింది?"

ఆ తండ్రి ఆ కార్డును నమ్మాడు. ప్రభుత్వం ముద్ర వేసింది కాబట్టి తన కొడుకుకు బండి వచ్చని, ఎవరో పెద్దవాళ్లు పరీక్షించి చూశారని నమ్మాడు. నమ్మడం ఆయన తప్పు కాదు. ఆ కార్డుకు అర్థం అదే కావాలి. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు, ఆ తర్వాత కూడా రాలేదు.

పోలీసు కాగితంలో అతివేగం, అజాగ్రత్త అని రాశారు. ఊళ్లో టైం బాగలేదన్నారు, రాసిపెట్టి ఉందన్నారు. మూడో రోజుకల్లా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అశ్రునివాళి అని పెద్ద అక్షరాలు, కింద వాడి ఫొటో, అదే బండి మీద కళ్లజోడు పెట్టుకుని కూర్చున్న ఫొటో. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవడు రాసిపెట్టాడు? ధాన్యం ఆరబోసుకోవడానికి కల్లాలు కట్టించనివాళ్లు రాశారు. కొనుగోలు కేంద్రంలో రోజుల తరబడి కాంటా పెట్టకుండా రైతును రోడ్డు మీదికి నెట్టినవాళ్లు రాశారు. ఆ రైతును నేను తిట్టలేను, వాన వస్తే ఆయన బతుకు పోతుంది. కానీ రాత్రి ఆ కుప్ప దగ్గర ఒక ఎర్ర రేడియం పట్టీ పెట్టించడానికి ఏ అధికారికి ఎంత ఖర్చవుతుంది? బ్రేకు వేయడం రాని పిల్లవాడికి బ్రేకు వచ్చని సంతకం పెట్టినవాళ్లు రాశారు. విధి పేరు చెప్పి ఇంతమందిని వదిలేయడం కన్నా పెద్ద అన్యాయం ఆ పిల్లవాడికి మరొకటి లేదు.

ఇది మా ఊరి కథ ఒక్కటే అయితే ఇంత రాయను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ తానే అచ్చువేసిన లెక్కలివి. ఆ వెనక కూర్చున్నవాళ్లెవరో మనకు తెలుసు. ఒకవైపు తిరిగి కూర్చుని ఒళ్లో బిడ్డను పట్టుకున్న భార్య, ఆస్పత్రికి వెళ్తున్న తల్లి, పరీక్షకు వెళ్తున్న చెల్లెలు. హెల్మెట్ నడిపేవాడికే అన్న అలవాటు మన నరాల్లో పాతుకుపోయింది. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. అంతకన్నా చిన్నపిల్లలను నడిపేవాడికి కట్టే బెల్టుతో కూర్చోబెట్టి, బండి నలభై దాటకుండా వెళ్లాలని 2022లో నియమం వచ్చింది. ఆ బెల్టు ఎలా ఉంటుందో మా పట్నంలో ఏ షాపువాడికీ తెలియదు.

ఆడపిల్లలకు స్కూటీ నేర్పే తీరు చూస్తే మరింత బాధ. భర్తో అన్నో వెనక కూర్చుని, "అంత భయమైతే ఎందుకెక్కినవ్" అని కాలనీ అంతా వినేలా అరుస్తుంటాడు. భయంతో నేర్చుకున్నది భయంగానే మిగులుతుంది. రెండు కాళ్లూ నేల మీద ఈడ్చుకుంటూ, బ్రేకుకు బదులు చెప్పులతో ఆపాలని చూసే అక్కచెల్లెళ్లను రోజూ చూస్తాం, చూసి నవ్వుతాం. ఆ స్కూటీలో ఎడమ చేతి బ్రేకు పడితే రెండు చక్రాలకూ కలిసి బ్రేకు పడుతుందని, దాన్ని సీబీఎస్ అంటారని అమ్మినవాడు చెప్పలేదు. 125 సీసీ లోపు బండ్లకు ఇది, అంతకన్నా పెద్దవాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కొత్త బండికీ తప్పనిసరి. డబ్బు పెట్టి కొన్న రక్షణ ఎలా పనిచేస్తుందో కొన్నవాడికి తెలియదు.

ఇది ఎక్కడా జరగని పని, మనం మాత్రం ఎలా చేస్తాం అనేవాళ్లు బ్రిటన్ వైపు చూడండి. అక్కడ ఎల్ బోర్డుతో రోడ్డెక్కాలన్నా ముందు ప్రాథమిక శిక్షణ పూర్తిచేయాలి, 1990 నుంచి ఆ పద్ధతి ఉంది. ఆ తర్వాత పరీక్ష. మొదటి భాగంలోనే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక్కసారిగా ఆపి చూపించాలి. అదే వేగంలో అడ్డు తగిలినదాన్ని తప్పించుకుని వెళ్లి చూపించాలి. ఎనిమిది వేయడం అక్కడా ఉంది, కాకపోతే అది అనేక అంశాల్లో ఒకటి. మనం ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతావన్నీ వదిలేశాం. పిల్లవాడిని మెట్ల మీద నీళ్లలో కాళ్లు తడుపుకోమని చెప్పి, ఈత వచ్చేసిందని గోదావరిలోకి పంపినట్టు చేస్తున్నాం.

ఇన్‌స్పెక్టర్ల కష్టం నాకు తెలుసు. ఒక్కో మనిషి ఒక్కరోజులో పరీక్షలు చూడాలి, లారీల ఫిట్‌నెస్ చూడాలి, రోడ్డు మీద తనిఖీలకు వెళ్లాలి. గుమ్మం దగ్గర ఏజెంట్లు, ఫోన్లో నాయకులు. ఫెయిల్ చేస్తే గొడవ, పాస్ చేస్తే ఎవరూ ఏమీ అడగరు. ఫెయిల్ చేసినందుకు ఒక అధికారిని మెచ్చుకున్న ఊరు ఎక్కడుంది? "ఏందిది, ఇంత చిన్నదానికి ఫెయిల్ జేసిండు" అని తిట్టేది మనమే. కాబట్టి ఈ ఉదాసీనతలో అందరికీ వాటా ఉంది. అయినా వాటాలు సమానం కావు. చట్టం చేతిలో ఉన్నవాడి వాటా పెద్దది. సెన్సర్లతో, కెమెరాలతో ట్రాకులు కడతామంటున్నారు. కట్టండి. కానీ కెమెరా కూడా ఎనిమిదినే కొలిస్తే ఏం లాభం? మైదానంలో ఇంకో యాభై అరవై మీటర్ల తిన్నని తారు దారి, చివర ఒక తెల్ల గీత ఉంటే చాలు, అత్యవసర బ్రేకు పరీక్ష పెట్టడానికి.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. ర్యాంకు వస్తే బండి కొనిస్తానని మాట ఇచ్చారా, అయితే ముందు మైదానానికి తీసుకెళ్లండి. రెండు బ్రేకులూ కలిపి ఆపడం మీ కళ్ల ముందు సాధన చేయించండి. తడి నేల మీద, ఇసుక మీద బండి ఎలా ప్రవర్తిస్తుందో తక్కువ వేగంలో చూపించండి. చూపు గుంత మీద పెడితే బండి గుంతలోకే పోతుందని, చూపు వెళ్లాల్సిన దారి మీద పెట్టాలని చెప్పండి. లారీ అద్దంలో డ్రైవర్ మొహం మనకు కనిపించకపోతే మనం వాడికి కనిపించడం లేదని చెప్పండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు కొనండి, పట్టీ మీ చేత్తో బిగించండి. మీకే ఇవి రాకపోతే వచ్చినవాళ్ల దగ్గరికి ఇద్దరూ వెళ్లి నేర్చుకోండి. పద్దెనిమిది నిండకపోతే తాళం ఇవ్వకండి, వాడు ఏడ్చినా, అన్నం మానేసినా ఇవ్వకండి.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. 15వ నియమం మీ ఆఫీసులోనే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. రేపు పొద్దున ఎనిమిది వేసి వచ్చిన కుర్రాణ్ని పంపించేయకండి. నలభై వేగంతో రమ్మని, గీత దగ్గర ఆపమనండి. ఆపలేకపోతే నేర్చుకుని రమ్మని వెనక్కి పంపండి. వాళ్ల నాన్న మీతో గొడవ పెట్టుకోనివ్వండి.